కుప్ప నడుమ కొలత

మా నాయిన ఆదిలాబాద్ జిల్లాలో పుట్టి, ఇల్లు మారకుండానే నాందేడ్ జిల్లావాడయ్యాడు. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల వారీగా పంచినప్పుడు కిన్వట్ తాలూకా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. 1960 మే 1 నుంచి అది మహారాష్ట్ర. మా మాండవి ఉన్నచోటే ఉంది. పట్టా కాగితాల మీద రాత మారింది, బడిలో భాష మారింది. నాయిన నిజాం కాలంలో ఉర్దూలో నాలుగు తరగతులు చదివాడు. నేను మరాఠీలో చదివాను. ఇంట్లో తెలుగు. నా పక్కన తట్టు పరుచుకుని కూర్చునే పిల్లలు తమ ఇళ్లల్లో గోండీ, కొలామీ, బంజారా మాట్లాడేవాళ్లు. పుస్తకం మాత్రం అందరికీ ఒక్కటే, పుణె నుంచి వచ్చే బాలభారతి.

అందువల్ల చాలాకాలం మాకు బడి అంటే అర్థంకాని మాటలను గొంతెత్తి పలకడమే. ఎక్కాలు ముప్పయ్యో ఎక్కం దాకా అప్పగించేవాళ్లం. వాటి వెంట పావ్‌కీ, నిమ్‌కీ, పావుణ్‌కీ కూడా ఉండేవి, అంటే కాలు, అర, ముప్పావు ఎక్కాలు. అవన్నీ గడగడా చెప్పే పిల్లలే సంతలో ముప్పావు కిలో పప్పుకు ఎంతివ్వాలో అడిగితే తల దించుకునేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. సంతలోని పప్పుకూ బడిలోని పావుణ్‌కీకీ సంబంధం ఉందని వాళ్లకు ఎవరూ చూపలేదు.

1971 జూన్‌లో బడి తెరిచినప్పుడు కొత్త మాస్టారు వచ్చారు. మేం గురూజీ అనేవాళ్లం, పెద్దవాళ్లు మాస్తర్ అనేవాళ్లు. ఆయన పేరు రాయడం లేదు. తన గురించి పేపర్లో రావడం ఆయనకు నచ్చేది కాదు, ఆ మాట నేను దాటలేను. అప్పటికి పాతికేళ్ల మనిషి, నాందేడ్ నుంచి వచ్చారు, తెలుగు ఒక్క ముక్క రాదు, గోండీ అసలే రాదు. మొదటి వారం ఆయన పాఠమే మొదలుపెట్టలేదు. ఒక పొడుగాటి బైండు పుస్తకం పట్టుకుని, తరగతిలో ఏ వస్తువు కనిపిస్తే దాన్ని మీ ఇంట్లో ఏమంటారని ఒక్కొక్కరినీ అడిగారు. చెప్పింది చెప్పినట్టు దేవనాగరిలో రాసుకున్నారు. కొలాం పిల్ల ఒకతి ఏడాదిగా బడిలో నోరు విప్పినట్టు మాకెవరికీ గుర్తులేదు. ఆయన ఒక మాటను తప్పుగా పలికితే ఆ పిల్ల నవ్వాపుకోలేక సరిదిద్దింది. ఆయన మళ్లీ పలికారు. ఆమె మళ్లీ సరిదిద్దింది. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు, ఆయనా వదల్లేదు.

సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని నాయినమ్మ దగ్గర తెలుగు నేర్చుకునేవారు. "ఇదేందో చెప్పు పంతులూ" అని ఆమె రోకలి చూపించేది, చేట చూపించేది. ఆయన తడబడితే "మల్ల చెప్పు బిడ్డా, ఏం గాదు" అనేది. చదువురాని ముసలమ్మ ముందు ఒక మాస్టారు పలక పట్టుకుని కూర్చోవడం మా వాడలో కొందరికి నచ్చలేదు. మాస్టారంటే భయం ఉండాలి కదా, భయం పోతే చదువు పోతుందని వాళ్ల నమ్మకం. మాకు అంతకుముందు చెప్పినవారు వెదురు బెత్తంతో చెప్పారు, దెబ్బలకు భయపడి బడి మానేసిన పిల్లలు నాకు తెలుసు. గురూజీ బెత్తం పట్టగా నేను చూడలేదు. అయినా ఆ తరగతిలో ఉన్నంత నిశ్శబ్దం తర్వాత ఏ తరగతిలోనూ చూడలేదు. ఆయన ఏదైనా అడిగితే జవాబు ఆయనకూ నిజంగా కావాలన్నట్టుండేది.

ఇప్పపువ్వు సంగతి ఆ మరుసటి వేసవిలోది. అడవిలో దొరికేవాటి గురించి చెబుతూ, గిరిజనులు చెట్టెక్కి ఇప్పపువ్వు కోస్తారని అన్నారాయన. వెనక వరసలో ఒక గోండు పిల్ల లేచి నిలబడింది. కొయ్యరు, అంది. కొయ్యకపోతే ఎలా వస్తుందని అడిగారు. అదే రాలుతుంది, తెల్లారేసరికి కింద పడి ఉంటుంది, మా అమ్మా నేనూ చీకట్లోనే పోయి ఏరుతాం, పొద్దెక్కితే పశువులు తినేస్తాయి, అంది. అంత పొడుగు మాట ఆ పిల్ల అంతకుముందు ఎన్నడూ మాట్లాడలేదు. గురూజీ సుద్దముక్క కింద పెట్టారు. "నేను చూడకుండా చెప్పాను. నువ్వు చూసి చెప్పావు. రేపు నన్ను తీసుకుపో" అన్నారు.

మరునాడు కోడి కూసే వేళకు ఆయనతో పాటు మేం కొందరం ఆ గూడేనికి పోయాం. చెట్టు కింద నేలను ముందే ఊడ్చి, ఎండుటాకులు కాల్చి శుభ్రం చేసి ఉంచారు, పువ్వు కనపడాలని. మేం నిలబడి ఉండగానే పువ్వులు మెత్తగా టప్ టప్‌మని పడుతున్నాయి. గురూజీ అందరితో పాటు వంగి ఏరారు. ఆ రోజు బడిలో పాఠం ఆ పిల్లే చెప్పింది. ఆయన మా మధ్యన తట్టు మీద కూర్చుని ప్రశ్నలడిగారు. సెప్టెంబర్ 5న పిల్లల చేత పాఠాలు చెప్పించే ఆనవాయితీ అన్ని బళ్లలోనూ ఉంది. అది ఒకరోజు వేడుక. గురూజీకి అది వేడుక కాదు. ఎవరికి తెలిస్తే వాళ్లు చెప్పాలి, తెలియనివాళ్లు కూర్చోవాలి. ఈ నియమం తనకూ వర్తిస్తుందని ఆయన మాటల్లో చెప్పలేదు, కూర్చుని చూపించారు.

ఉనకేశ్వర్ మా తాలూకాలోనే ఉంది. అక్కడ నేలలోంచి వేడినీళ్లు ఊరుతాయి. ఆ నీళ్లతో స్నానం చేస్తే చర్మవ్యాధులు పోతాయని దూరదూరాల నుంచి వస్తారు. శరభంగ మహర్షి కోసం రాముడు బాణం వేసి ఆ నీళ్లు పుట్టించాడని నాయినమ్మ చెప్పేది. గురూజీ మమ్మల్ని అక్కడికి తీసుకుపోయినప్పుడు, నిప్పు లేకుండా నీళ్లెలా కాగుతున్నాయని నేనే అడిగాను. "తెలీదు. కనుక్కుని చెబుతా" అన్నారు. పెద్దవాళ్లు ఆ మాటను పిల్లల నోరు మూయడానికి వాడడం నాకు అలవాటే గనక నేను మర్చిపోయాను. చాలా రోజుల తర్వాత నాందేడ్ నుంచి తిరిగివస్తూనే బల్ల మీద సంచి పెట్టి, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే ఒకాయనను అడిగి వచ్చానన్నారు. వాన నీళ్లు రాతి చీలికల్లోంచి చాలా లోతుకు దిగుతాయి, లోతుకు పోయేకొద్దీ భూమి వేడిగా ఉంటుంది, ఆ వేడికి కాగి మరో చీలిక దొరికినచోట పైకి వస్తాయి, అని బొమ్మ గీసి చెప్పారు. అంతకన్నా నాకు గుర్తుండిపోయింది మరొకటి. నా ప్రశ్న ఆయనతో పాటు రైల్లో ప్రయాణం చేసింది.

అప్పట్లో కిన్వట్ మీదుగా ముద్‌ఖేడ్‌కు మీటర్ గేజ్ బండి. అక్కడి నుంచి నాందేడ్. సెలవు దొరికితే ఆయన అటే పోయేవారు, నరహర్ కురుంద్‌కర్ ఉపన్యాసాలు వినడానికి. మరాఠీ చదివేవాళ్లకు ఆ పేరు చెప్పనక్కర్లేదు. తెలుగువాళ్లకు చెప్పాలి. చరిత్ర, సాహిత్యం, మతం, రాజ్యాంగం, దేని మీదైనా తర్కంతో మాట్లాడగల పండితుడు. మరాఠ్వాడా మొత్తం ఆయనను కూడా గురూజీ అనే పిలిచింది. కుర్రతనంలో హైదరాబాద్‌లో మేనమామ నాందాపుర్‌కర్ ఇంట ఉండి చదువుకున్నారు. ఇంటర్మీడియట్ పరీక్ష పదేపదే తప్పారు. పెద్ద డిగ్రీ ఏదీ లేకుండానే నాందేడ్‌లో ప్రతిభా నికేతన్ హైస్కూల్లో మాస్టారుగా చేరి, తర్వాత స్వామి రామానంద తీర్థ పూనికతో 1950లో పుట్టిన పీపుల్స్ కాలేజీలో లెక్చరరై, చివరికి ఆ కాలేజీకే ప్రిన్సిపాల్ అయ్యారు. మా గురూజీ ఆ హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్నవారు. పరీక్ష తప్పిన మనిషి అంత గొప్ప ఉపాధ్యాయుడు కావడంలో వింత లేదనిపిస్తుంది నాకు. అర్థం కాకపోవడమంటే ఏమిటో, అర్థమైందని ఎదుటివాళ్లను నమ్మించలేకపోవడమంటే ఏమిటో ఆయన లోపలి నుంచి ఎరిగినవారు.

1972లో మృగశిర కార్తె మబ్బు చూపించి పోయింది. మా అడవి ప్రాంతానికి మిగతా మరాఠ్వాడా కన్నా వాన ఎక్కువ పడుతుంది. ఆ ఏడు మాకూ పడలేదు. జొన్న గింజ పట్టలేదు, పత్తి మొలక మీదే మాడింది. ఊరూరా ప్రభుత్వం కరువు పనులు తెరిచింది, రోడ్లకు కంకర కొట్టడం, చెరువుల మట్టి తియ్యడం. 1973 మే నాటికి మహారాష్ట్రలో ఆ పనుల మీద ఉన్నవాళ్లు దాదాపు 50 లక్షలు. ముఖ్యమంత్రి వసంతరావు నాయక్ మా పైనగంగ అవతలి పుసద్ వైపు బంజారా కుటుంబంలోంచి వచ్చినవారే. ఆ కరువు పనుల అనుభవంలోంచే ఉపాధి హామీ పథకం బలపడి 1977లో చట్టమైంది, చాలా ఏళ్ల తర్వాత దేశమంతటికీ వచ్చింది. ఈ సంగతులు నేను పెద్దయ్యాక తెలుసుకున్నవి. అప్పుడు తెలిసింది ఇంతే: పొద్దున్నే అమ్మ సుత్తి తీసుకుని పోయేది, చీకటి పడ్డాక వేళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని వచ్చేది.

బడిలో సుకడీ అనే తియ్యటి పిండి పెట్టేవాళ్లు. దానికోసం పిల్లలు వచ్చేవాళ్లు, పంచిపెట్టగానే మాయమయ్యేవాళ్లు. తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎత్తుకుని రాళ్ల దగ్గర ఉండాలి కదా. హాజరు పుస్తకంలో గైర్హాజరు గుర్తులు పెట్టి ఊరుకుంటే ఆయనను అడిగేవాళ్లు లేరు. ఎండాకాలం బడి పొద్దుటిపూటే. బడి వదిలాక గురూజీ సైకిలెక్కి పని దగ్గరికి వచ్చేవారు. రాళ్ల మధ్య ఒక వేపచెట్టు నీడన పలకలు తియ్యమనేవారు.

అక్కడ ఆయన కంటపడింది కొలత గొడవ. కొట్టిన కంకరను కుప్ప పేర్చాలి. 100 ఘనపుటడుగులు ఒక బ్రాస్. బ్రాస్‌కు ఇంతని కూలి. కుప్ప కింద వెడల్పుగా, పైన సన్నగా ఉంటుంది. కొలతకు వచ్చే మనిషి టేపును పైన పెట్టి పొడవూ వెడల్పూ రాసుకునేవాడు. ఆడవాళ్లు కింద కొలవమని మొత్తుకునేవాళ్లు. ప్రతి వారం అదే తగవు, ప్రతి వారం రాసుకున్నవాడి మాటే చెల్లేది.

గురూజీ ఆ తగవులోకి పోలేదు. వడ్లాయన చేత అన్ని వైపులా అడుగు ఉండే ఒక పెట్టె చేయించి తెచ్చారు. మా అమ్మనడిగి, ఆమె కొట్టిన కంకరతోనే మా చేత ఒక కుప్ప పేర్పించారు. తాడు పట్టి సరిచేసి, కింద 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. పైన 8 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. ఎత్తు ఒక్క అడుగు. పైన కొలిస్తే ఎంత? 24. కింద కొలిస్తే? 50. ఇందులో ఏది నిజం? సగం మంది పిల్లలు ఇది, సగం మంది అది అన్నారు. "రెండూ కాకపోవచ్చు. రెంటికీ సగటు 37, అదై ఉంటుంది. కాని నా మాట నమ్మకండి, పెట్టెతో ఎత్తి చూడండి" అన్నారు.

ఎత్తాం. ఒకరు నింపడం, ఒకరు పైన చదును చెయ్యడం, ఒకరు నేల మీద గీతలు గీయడం. సుత్తులు ఆపి ఆడవాళ్లు చుట్టూ చేరారు. లెక్క పైకి పోతుంటే వాళ్లూ మాతో గొంతు కలిపారు. 24 దాటగానే అమ్మ గట్టిగా "దాటింది!" అంది. 36 పెట్టెలు నిండాయి. ఆ తర్వాతి పెట్టెలో ఇంచుమించు మూడో వంతు పడింది, రాళ్లు అయిపోయాయి. 37 రాలేదు.

గురూజీ ఆ పెట్టెలోకి చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. కొసరు రాళ్లను మూలకు నెట్టి ఇదిగో అయిపోయిందని చెప్పేస్తే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, తేడా అంత చిన్నది. ఆయన అలా చెయ్యలేదు. "నా లెక్క కొంచెం ఎక్కువొచ్చింది. ఎక్కడ తప్పింది?" అని మమ్మల్నే అడిగారు. ఎవరికీ తోచలేదు. చివరికి ఒక బంజారా అబ్బాయి, కుప్పను సగం ఎత్తులో, నడుమన కొలిస్తేనో, అన్నాడు. మళ్లీ పేర్చాం. నడుమ పొడవు 9, వెడల్పు 4. తొమ్మిది నాలుగులు 36. గురూజీ ఆ అబ్బాయిని భుజాల మీదికెత్తుకున్నారు.

చాలా ఏళ్ల తర్వాత కాలేజీ పుస్తకంలో ఆ రకం ఆకారానికి సూత్రం చూశాను. కింది వైశాల్యం, పై వైశాల్యం, నడిమి వైశాల్యానికి నాలుగు రెట్లు కలిపి, ఆరుతో భాగించి, ఎత్తుతో గుణించాలి. అక్కడికక్కడే కాగితం తీసి వేశాను. 36, పైన మూడో వంతు. మాండవి రాళ్ల దగ్గర వడ్లాయన పెట్టె చెప్పింది అక్షరాలా అదే.

అమ్మకు చదువు రాదు. ఒక కర్రకు కుప్ప ఎత్తులో సగం దగ్గర కత్తితో గాటు పెట్టించుకుంది. కొలత రోజున ఆ కర్ర పట్టుకుని నిలబడింది. "ఇగో బిడ్డా, ఈడ వెట్టు నీ టేపు. కింద వెట్టుమంటలేం, మీద వద్దంటున్నం. నడుమ వెట్టు" అంది. తక్కిన ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. అతను కోప్పడ్డాడు, ఇదంతా నీకెవరు చెప్పారన్నాడు. "నా బిడ్డ జెప్పింది. కావలంటే పెట్టె ఉన్నది, ఎత్తి చూస్కో" అంది. పై అధికారి ఒకాయన వచ్చి పెట్టె ఎత్తించి చూశాడు. అప్పటి నుంచి మా పని దగ్గర కుప్పను నడుమే కొలిచారు. 24కు వచ్చే కూలి 36కు వచ్చింది. ఆ తేడా అంటే మా ఇంట్లో రెండో పూట గంజిలోకి పిడికెడు జొన్నలు. గురూజీ మీద ఎవరో పైకి రాస్తే ఆయనను పిలిపించి సంజాయిషీ అడిగారు. ఘనపరిమాణం పాఠం ప్రత్యక్షంగా చెప్పానని రాసిచ్చి వచ్చారు. అది పూర్తిగా నిజం.

నేను కూడా ఉపాధ్యాయ వృత్తిలోనే బతికాను. శిక్షణలో మంచి ఉపాధ్యాయుడి లక్షణాలు చాలా నేర్పారు: గొంతు స్పష్టంగా ఉండాలి, పాఠం ముందే సిద్ధం చేసుకోవాలి, తరగతి అదుపులో ఉండాలి, పిల్లల మీద ప్రేమ ఉండాలి. అన్నీ కావాలి. ప్రేమ ఉన్న మాస్టార్లను నేను చాలామందిని చూశాను, కాని వాళ్లలో కొందరి పిల్లలు జీవితాంతం మాస్టారి మాట మీదే ఆనుకుని ఉండిపోయారు. గురూజీ మాకు తన మాటకన్నా పెట్టెను నమ్మడం నేర్పారు. ఒక్క పెట్టెలో మూడో వంతు రాళ్ల దగ్గర ఆయన తన పరువు పక్కన పెట్టకపోయి ఉంటే, అమ్మ ఆ కర్ర పట్టుకుని నిలబడేది కాదని నా గట్టి నమ్మకం. మాస్టారు చెప్పాడని వచ్చిన ధైర్యం, ఇంకా పెద్దవాడు కాదంటే పోతుంది. కొలిచి చూసుకున్న ధైర్యం పోదు.

మా వైపు ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1940ల్లో, కుమ్రం భీం పోరాటం తర్వాత, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మాకు దూరం కాని మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. చదువు చెప్పేవాడు పిల్లవాడికి తెలిసినదాని దగ్గరికి ముందు తాను పోవాలన్నది అక్కడ ఒక పద్ధతిగా నడిచింది. మాండవిలో అది ఒక్క మనిషి స్వభావంగా వచ్చింది. ఆయన బదిలీ అయిపోగానే ఆ బైండు పుస్తకం కూడా ఆయనతో వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లు చెడ్డవాళ్లు కారు. కాని కొలాం పిల్ల మళ్లీ మాట్లాడటం మానేసింది, రెండేళ్లకు బడి మానేసింది. ఇలాంటి గుణం ఒక్కరి అదృష్టంగా రావడం చాలదని, మాస్టారు మారినా బడిలో నిలిచేదిగా ఉండాలని నేను అనేకసార్లు మీటింగుల్లో చెప్పాను. ఇప్పటికీ చెబుతాను.

1982 ఫిబ్రవరి 10న ఔరంగాబాద్‌లో కురుంద్‌కర్ చనిపోయారు. అప్పటికి ఆయనకు ఇంకా యాభయ్యేళ్లు నిండలేదు. ఆ వార్త తెలిసి గురూజీకి ఉత్తరం రాశాను. జవాబులో దుఃఖం గురించి ఒక్క వాక్యమే ఉంది. మిగతా కార్డంతా కురుంద్‌కర్‌తో తాను ఒప్పుకోని ఒక విషయం గురించి, దానికి ఆయన ఇచ్చిన జవాబు తనకు ఇంకా ఎందుకు సరిపోలేదో దాని గురించి రాశారు.

చివరిసారి ఆయనను కిన్వట్ స్టేషన్‌లో చూశాను. రిటైరై ఉన్నారు. కుశల ప్రశ్నలు తొందరగా ముగించి, "ఈ ఏడు నీ పిల్లలు నీకేం చెప్పారు?" అన్నారు. నా తరగతిలో పత్తిపువ్వు మీద పడిన తగవు చెప్పాను. ఒకడు తెలుపంటాడు, ఒకతి ఎరుపంటుంది, ఇద్దరూ చేలల్లో పుట్టినవాళ్లే. విచ్చిన పువ్వుకు దారం కట్టి రమ్మన్నాను. మర్నాడు పోయి చూస్తే దారం కట్టిన తెల్లపువ్వే ఎర్రగా మారి ఉంది. ఇద్దరి మాటా నిజమే. గురూజీ కళ్లద్దాలు సవరించుకున్నారు.

"దారం ఎవరు కట్టారు? నువ్వా?"

"పిల్లలే, గురూజీ."

"ఎప్పుడు మారింది? రాత్రా, తెల్లారాకా?"

అది మేం చూడలేదన్నాను. "అయితే చూడండి. నాకు కార్డు రాయి" అని బండెక్కారు.

ఆ మరుసటి వానాకాలం పత్తి పూతకు రాగానే పిల్లలు వంతులు వేసుకుని చేలో కాపలా ఉన్నారు. కార్డు నేను రాయలేదు, వాళ్ల చేతే రాయించాను. పొద్దున విచ్చినప్పుడు పాలమీగడ రంగులో ఉంది, పొద్దు వాలేసరికే గులాబీ రంగు తిరగడం మొదలైంది, మర్నాటి పొద్దుటికి ఎర్రబడింది, ఆ తర్వాత వాడి రాలింది, అని రాశారు. వారం తిరక్కుండా పిల్లల పేరు మీదే జవాబొచ్చింది. అందులో ఇంకో ప్రశ్న ఉంది: మబ్బు పట్టిన రోజున కూడా అంతేనా?